ముక్కుతో, నెమ్మదిగా, తక్కువగా: రోజువారీ ఊపిరి అలవాట్లు సరిచేసుకోవడం ఎలా?

కంగారు పడుతున్నవాళ్లకు, నీరసంగా ఉన్నవాళ్లకు అందరూ చెప్పే మాట ఒకటే: "గట్టిగా ఊపిరి పీల్చుకో." చెప్పేవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ విన్నవాళ్లు చాలామంది ఏం చేస్తారంటే, ఛాతీ ఎగదన్ని, భుజాలు పైకి లేపి, నోటితో నాలుగైదు సార్లు గాలి లాగేస్తారు. కాసేపటికి తల తేలిపోతున్నట్టు ఉంటుంది, వేళ్లు చిమచిమలాడతాయి, ఉన్న కంగారు కాస్తా రెట్టింపవుతుంది.

ఎందుకలా? ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో ఆక్సిజన్ శాతం మామూలుగానే 95 నుంచి 100 మధ్య ఉంటుంది. ఇంకా గట్టిగా పీల్చినా కొత్తగా ఎక్కేది దాదాపు ఏమీ ఉండదు. మారేది కార్బన్ డయాక్సైడ్. అవసరానికి మించి గాలి ఆడిస్తే అది త్వరత్వరగా బయటకు పోతుంది. దాంతో మెదడుకు వెళ్లే రక్తనాళాలు సన్నబడతాయి, రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. తల తిరగడం, పెదవుల చుట్టూ తిమ్మిరి అందుకే. పైగా కార్బన్ డయాక్సైడ్ తగ్గినప్పుడు హీమోగ్లోబిన్ తన దగ్గరున్న ఆక్సిజన్‌ను అంత తేలిగ్గా కణాలకు వదిలిపెట్టదు. 1904లో డెన్మార్క్ శాస్త్రవేత్త క్రిస్టియన్ బోర్ బృందం చూపించిన సంగతి ఇది. ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

రెండో లెక్క కూడా చూడండి. తీరిగ్గా కూర్చున్నప్పుడు ఒక్కో ఊపిరికి సుమారు 500 మి.లీ. గాలి లోపలికి వెళుతుంది. అందులో దాదాపు 150 మి.లీ. ముక్కు, గొంతు, శ్వాసనాళాల్లోనే ఉండిపోయి, గాలిగదుల దాకా చేరకుండానే వెనక్కి వచ్చేస్తుంది. నిమిషానికి 12 సార్లు 500 మి.లీ. చొప్పున పీలిస్తే మొత్తం 6 లీటర్లు, పనికొచ్చేది 4.2 లీటర్లు. అదే 6 లీటర్లను 24 సార్లు 250 మి.లీ. చొప్పున పైపైన పీలిస్తే పనికొచ్చేది 2.4 లీటర్లే. గాలి అంతే, కండరాలకు పని ఎక్కువ, ఫలితం మాత్రం సగం పైచిలుకు. అందుకని ఇక్కడ చెప్పేదంతా ఊపిరి పెంచడం గురించి కాదు; దాన్ని ముక్కులోకి మళ్లించడం, పొట్టవైపు దించడం, నెమ్మది చేయడం గురించి.

ముందు, ఇప్పుడెలా పీలుస్తున్నారో చూసుకోండి

లెక్కపెడుతున్నామన్న ధ్యాస రాగానే ఊపిరి దానంతట అదే మారిపోతుంది. ఆసుపత్రిలో అనుభవమున్న నర్సులు నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, రోగికి తెలియకుండా ఛాతీ కదలికలు లెక్కపెట్టేది ఇందుకే. ఇంట్లో అయితే ఫోన్‌ను ఎదురుగా నిలబెట్టి, నడుము నుంచి మెడ వరకు కనిపించేలా వీడియో పెట్టి, పది నిమిషాలు ఏదైనా చదువుకోండి. తర్వాత వీడియోలో చివరి నిమిషాల్లోంచి ఒక పూర్తి నిమిషం తీసుకుని లెక్కపెట్టండి. ఛాతీ లేదా పొట్ట ఒకసారి లేచి దిగితే ఒకటి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించే పద్ధతి వద్దు. అందులో ఒక్క ఊపిరి తేడా వచ్చినా జవాబులో నాలుగు తేడా వస్తుంది.

పెద్దవాళ్లకు విశ్రాంతిలో నిమిషానికి 12 నుంచి 20 మామూలు. అంతకు మించి 22, 23 తరచూ వస్తుంటే, జ్వరంలాంటి కారణమేదీ కనబడకపోతే, డాక్టరుకు చూపించుకున్నాకే అభ్యాసాలు మొదలుపెట్టండి. రక్తహీనత, థైరాయిడ్, ఆస్తమా, గుండె జబ్బు ఏదైనా వెనక ఉండొచ్చు.

ఇక చేతుల పరీక్ష. ఒక అరచేయి రొమ్ము ఎముక మీద, ఇంకొకటి బొడ్డుకు కాస్త పైన పెట్టుకుని ఏ చేయి ముందు కదులుతుందో చూడండి. తర్వాత రెండు వేళ్లు మెడ పక్కన, మెడ కింద అడ్డంగా ఉండే కాలర్ ఎముకకు పైనున్న గుంటలో ఆనించండి. ఊరికే కూర్చున్నప్పుడు అక్కడి కండరాలు మెత్తగా ఉండాలి. పీల్చిన ప్రతిసారీ వేళ్ల కింద బిగుసుకుంటున్నాయంటే, పరుగెత్తేటప్పుడు మాత్రమే సాయానికి రావలసిన కండరాలు మీకు రోజంతా పని చేస్తున్నాయన్నమాట. సాయంత్రానికి మెడ, భుజాలు పట్టేసినట్టుండే చాలామందిలో ఇదీ ఒక కారణమే. పీల్చేటప్పుడు పొట్ట బయటకు రాకుండా లోపలికి పోతుంటే మీకు "ఊపిరిని కిందికి దించండి" అన్న భాగంలోని అభ్యాసం ముఖ్యం.

ముక్కు దారి తెరవండి

ముక్కు గాలిని వడపోస్తుంది, వెచ్చబరుస్తుంది, తేమ చేరుస్తుంది. ముక్కు పక్కనున్న సైనస్ గదుల్లో తయారయ్యే నైట్రిక్ ఆక్సైడ్ కూడా ఆ గాలితో ఊపిరితిత్తుల్లోకి వెళ్లి అక్కడి రక్తనాళాలను వదులు చేస్తుంది. నోటితో పీలిస్తే ఇవి చాలావరకు జరగవు. అంతకంటే ముఖ్యం, ముక్కు దారి ఇరుకు కాబట్టి గాలి వేగానికి దానికదే కళ్లెం పడుతుంది. నోరు తెరిస్తే ఆ కళ్లెం ఊడినట్టే.

కాబట్టి మొదట ముక్కు పనిచేస్తోందో లేదో తేల్చుకోవాలి. నోరు మూసి, ఒక రంధ్రాన్ని వేలితో నొక్కకుండా, పక్కనుంచి మెల్లగా మూసి, రెండో దానితో పీల్చండి. తర్వాత మార్చి చూడండి. ఒకటి కాస్త బిగుతుగా, రెండోది ఫ్రీగా ఉండటం చాలామందిలో సహజం. కొన్ని గంటలకోసారి అవి వంతులు మార్చుకుంటాయి. పక్కకు తిరిగి పడుకుంటే కిందివైపు రంధ్రం బిగుసుకోవడమూ మామూలే. వీటికి మందులక్కర్లేదు. ఎప్పుడు చూసినా ఒకే వైపు మూసుకుని ఉంటే మాత్రం చెంపను వేళ్లతో చెవివైపు కొద్దిగా లాగి పీల్చి చూడండి. అలా లాగినప్పుడు గాలి ఇట్టే ఆడితే లోపలి నిర్మాణంలోనే ఇరుకు ఉండొచ్చు. అప్పుడు ఇ.ఎన్.టి. డాక్టరు చూడాలి, అభ్యాసాలు చాలవు.

దుమ్ము, అలెర్జీ, జలుబు వల్ల దిబ్బడ ఉంటే ఉప్పునీళ్లతో కడగడం బాగా పనిచేస్తుంది. కానీ చేసే తీరులోనే అంతా ఉంది:

1. నీళ్లను తెర్లకాగాక కనీసం ఒక నిమిషం మరగనిచ్చి (ఎత్తైన కొండప్రాంతాల్లో మూడు నిమిషాలు), మూతపెట్టి గోరువెచ్చగా అయ్యేదాకా ఆరనివ్వండి. లేదా డిస్టిల్డ్ వాటర్ వాడండి. కుళాయి నీళ్లు నేరుగా వద్దు. నెగ్లేరియా ఫౌలెరి అనే అమీబా తాగితే ఏమీ చేయదు, ముక్కులోంచి వెళితే మెదడుకు చేరి ప్రాణం తీస్తుంది. అరుదే, కానీ ఒక నిమిషం మరిగిస్తే పోయే ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకోవడమెందుకు?
2. 240 మి.లీ. నీళ్లకు సుమారు 2 గ్రాములు, అంటే అర టీస్పూనుకు కాస్త తక్కువగా, అయోడిన్ కలపని ఉప్పు వేయండి. చిటికెడు వంటసోడా కలిపితే మంట తగ్గుతుంది. ఉప్పు లేని నీళ్లు, ఉప్పు మరీ ఎక్కువైన నీళ్లు, రెండూ మండుతాయి.
3. సింక్ మీదికి వంగి, తల ఒక పక్కకు వాల్చి, నోరు తెరిచి నోటితో గాలి పీలుస్తూ పై రంధ్రంలోకి నెమ్మదిగా పోయండి. కింది రంధ్రంలోంచి బయటకు వస్తాయి. రెండో వైపు కూడా అంతే.
4. తర్వాత ఒక్కో రంధ్రాన్నే మెల్లగా చీదండి. రెండూ మూసి గట్టిగా చీదితే నీళ్లు చెవివైపు తోసుకుపోతాయి.
5. వాడిన సీసాను కడిగి పూర్తిగా ఆరబెట్టండి.

దిబ్బడ తగ్గించే చుక్కల విషయంలో జాగ్రత్త. ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ ఉన్న చుక్కలు నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. మూడు రోజులు దాటి వాడుతూ పోతే మందు ప్రభావం దిగగానే ముందుకంటే ఎక్కువగా మూసుకుపోతుంది. మళ్లీ చుక్కలు, మళ్లీ దిబ్బడ. నెలల తరబడి ఈ చక్రంలో ఇరుక్కున్నవాళ్లు తక్కువేమీ కాదు. సొంతంగా మానలేకపోతే డాక్టరు సాయంతో మానుకోవచ్చు.

ముక్కు తెరుచుకున్నాక అలవాటు చేసే చోటు నడక. నోరు మూసుకుని నడవండి. నోరు తెరవాలనిపించగానే తెరవకండి, వేగం తగ్గించండి. అంతే నియమం. కొన్ని వారాల్లో అదే వేగం ముక్కుతోనే సులువవుతుంది. గట్టి పరుగులో, మెట్లు దూకేటప్పుడు నోరు తెరుచుకోవడం తప్పు కాదు. శరీరానికి అప్పుడు నిజంగానే అంత గాలి కావాలి.

ఊపిరిని కిందికి దించండి

ఊపిరితిత్తుల కింద గొడుగులా పరుచుకున్న కండరం డయాఫ్రం. అది కిందికి దిగితేనే గాలి లోపలికి వస్తుంది. దిగినప్పుడు పొట్టలోని అవయవాలు పక్కకు, ముందుకు జరుగుతాయి. పొట్ట ఉబ్బేది అందుకే, గాలి పొట్టలోకి వెళ్లి కాదు.

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించండి. తలకింద పల్చటి దిండు. నోరు మూసి, నాలుక అంగిలికి ఆనించి ఉంచండి. చేతులు పరీక్షలో పెట్టినట్టే ఛాతీ మీద ఒకటి, పొట్ట మీద ఒకటి. ఇప్పుడు పీల్చడంతో కాదు, వదలడంతో మొదలుపెట్టండి. చాలా పాఠాల్లో తారుమారయ్యేది ఇక్కడే. ముక్కుతో మెల్లగా వదిలి, చివర్లో ఒక క్షణం ఊరుకోండి. పీల్చాలన్న కోరిక దానంతట అదే వస్తుంది. దానికి దారి ఇవ్వండి, లాగకండి. పొట్ట మీది చేయి ఒక అంగుళం పైకి లేస్తే చాలు. అదే సమయంలో కింది పక్కటెముకలు కూడా కాస్త పక్కలకు విచ్చుకోవాలి. ఛాతీ మీది చేయి అసలు కదలకూడదని లేదు, ముందు కదలకూడదు, ఎక్కువ కదలకూడదు. ఇలా ఐదు నిమిషాలు, రోజుకు రెండుసార్లు. పొట్ట మీద అర కిలో, కిలో బరువుండే పుస్తకం పెట్టుకుంటే కదలిక కళ్లకు కనిపిస్తుంది.

ఎక్కువగా జరిగే తప్పు పొట్ట కండరాలతో పొట్టను బయటకు నెట్టడం. చేయి లేస్తుంది, గాలి మాత్రం రాదు. ఊపిరి బిగబట్టి పొట్ట ఉబ్బించి చూడండి, ఆ నెట్టుడు ఎలా ఉంటుందో తెలుస్తుంది. అభ్యాసంలో అది ఉండకూడదు. నడుము నేలనుంచి పైకి లేస్తుంటే మీరు అవసరానికి మించి పీలుస్తున్నారు. కొందరికి పొట్ట అసలు కదలదు. పొట్ట సన్నగా కనిపించాలని ఏళ్ల తరబడి లోపలికి బిగపట్టే అలవాటు, బిగుతైన బెల్టు దానికి కారణాలు. వాళ్లు బెల్టు వదులు చేసి, వెల్లకిలా కాకుండా బోర్లా పడుకుని, నుదురు చేతుల మీద ఆనించి మొదలుపెడితే పొట్ట నేలను తాకి నొక్కుకోవడం సులువుగా తెలుస్తుంది.

పడుకుని వచ్చాక కూర్చుని చేయండి. పాదాలు నేల మీద, తుంటి మోకాళ్ల కంటే కాస్త ఎత్తులో. రెండు చేతులూ కింది పక్కటెముకల పక్కన, బొటనవేళ్లు వెనక్కి. ఒకసారి కావాలనే వీపు వంచి, గడ్డం ముందుకు చాచి, ఫోన్ చూస్తున్నట్టు కూర్చుని పీల్చండి. పక్కటెముకలు చేతుల కింద కదలక ఆగిపోతాయి. ఆ భంగిమలో గంటలు గడిపేవాళ్లకు ఏ అభ్యాసం చెప్పినా లాభం సగమే.

ఇప్పుడు నెమ్మది చేయండి

నిమిషానికి 16 సార్లు పీల్చేవాళ్లు ఒక్కసారిగా 6కు దిగబోతే గాలి చాలనట్టు గిలగిలలాడతారు. మెట్టుమెట్టుగా దిగాలి. మొదటి వారం 3 సెకన్లు పీల్చి 4 సెకన్లు వదలండి. రెండో వారం 4 పీల్చి 5 వదలండి. సులువనిపించాకే 4 పీల్చి 6 వదలండి. అక్కడికి నిమిషానికి సరిగ్గా 6. రోజుకు ఐదు నుంచి పది నిమిషాలు చాలు. పక్కన కూర్చున్న మనిషికి మీ ఊపిరి చప్పుడు వినపడకూడదు. వినపడిందంటే నెమ్మదిగా పీలుస్తున్నారు గానీ మరీ ఎక్కువ పీలుస్తున్నారు.

ఈ అభ్యాసంలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలంటే మణికట్టు దగ్గర నాడి మీద మూడు వేళ్లు ఆనించి పీల్చి వదలండి. పీల్చేటప్పుడు నాడి కొంచెం తొందరపడుతుంది, వదిలేటప్పుడు నిదానిస్తుంది. వదిలే సమయం పెంచమనేది ఇందుకే. నిమిషానికి 6 దగ్గర ఈ ఎగుడుదిగుడు చాలామందిలో బాగా పెరుగుతుంది. రక్తపోటును సర్దే యంత్రాంగమూ దానితో లయ కలుపుతుంది. క్రమం తప్పకుండా చేసేవాళ్లలో బీపీ కొద్దిగా దిగొచ్చు. కొద్దిగానే. దీన్ని నమ్ముకుని బీపీ మాత్రలు మానేయకండి.

మధ్యలో తల తిరిగితే ఆపి మామూలుగా పీల్చండి. మరుసటిసారి సెకన్లు మార్చకుండా, ఒక్కో ఊపిరిలో తీసుకునే గాలి తగ్గించండి. గాలి చాలడం లేదనిపిస్తే దానికి విరుగుడు వేరు: ముందు మెట్టుకు వెనక్కి వెళ్లడం. ఈ రెండింటినీ కలగాపులగం చేయొద్దు. గర్భిణులు, గుండె జబ్బు, మూర్ఛ, తీవ్రమైన ఆస్తమా ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టే అభ్యాసాలేవీ సొంతంగా చేయకూడదు.

పనుల మధ్యలో

కంప్యూటర్ ముందు మెయిల్ చదివేటప్పుడు, సన్నని పని చేసేటప్పుడు తెలియకుండానే ఊపిరి ఆగిపోతుంటుంది. ఆనవాలు ఏమిటంటే, పని అవగానే ఒక పెద్ద నిట్టూర్పు. నిజానికి నిట్టూర్పు చెడ్డది కాదు. అయిదు నిమిషాలకోసారి ఒకటి సహజంగానే వచ్చి, ముడుచుకుపోయిన గాలిగదులను తెరుస్తుంది. నిమిషానికోసారి వస్తుంటేనే అలవాటుగా మారిందని అనుకోవాలి. అప్పుడు వచ్చేదాన్ని ఆపకుండా, దాని తర్వాతి రెండు మూడు ఊపిరులను చిన్నవిగా తీసుకోండి.

ఎక్కువ మాట్లాడే ఉద్యోగమైతే వాక్యానికీ వాక్యానికీ మధ్య నోటితో గాలి గుటుక్కున లాగడం అలవాటైపోతుంది. కడుపుబ్బరం, తేన్పులకు అలా మింగిన గాలి కూడా కారణమవుతుంది. వాక్యం పొట్టిది చేసి, చివర్లో పెదవులు కలిపి ముక్కుతో పీల్చండి. వినేవాళ్లకు ఆ విరామం ఎబ్బెట్టుగా ఉండదు.

బరువు ఎత్తేటప్పుడు ఎత్తే క్షణంలో వదలండి, దించేటప్పుడు పీల్చండి. బిగబట్టి ఎత్తితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. మెట్లెక్కితే ఆయాసం వచ్చేవాళ్లు రెండు అంకెలు లెక్కించేంత సేపు ముక్కుతో పీల్చి, నాలుగు అంకెల సేపు పెదవులు ఈల వేస్తున్నట్టు ముడిచి వదలండి. వదిలే దారి ఇరుకైతే శ్వాసనాళాలు త్వరగా మూసుకోవు; సి.ఓ.పి.డి. (శ్వాసనాళాలు ఇరుకయ్యే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవాళ్లకు ఇది తప్పకుండా నేర్పే పద్ధతి.

కంగారు కమ్మేసినప్పుడు

ముక్కుతో దాదాపు నిండుగా పీల్చండి. దానిమీదే ఇంకో చిన్న గుక్క పీల్చండి. తర్వాత నోటితో పొడవుగా, తొందర లేకుండా ఖాళీ అయ్యేదాకా వదలండి. ఒకటి నుంచి మూడు సార్లు చాలు, ఆపైన మామూలు ఊపిరి. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో దీన్నే రోజుకు ఐదు నిమిషాల చొప్పున నెల రోజులు చేసినవాళ్లకు, అంతే సమయం ధ్యానం చేసినవాళ్లకంటే మనసు ఎక్కువ తేటపడింది.

కాగితం సంచిలో ఊపిరి తీసుకునే పాత చిట్కా వద్దు. కంగారనుకున్నది గుండెపోటో, ఆస్తమానో అయితే అప్పటికే తగ్గిన ఆక్సిజన్‌ను సంచి ఇంకా తగ్గిస్తుంది. ఈతలో మునగబోయే ముందు గబగబా పీల్చడం అంతకంటే ప్రమాదం. ఊపిరి తీసుకోవాలన్న తపనను పుట్టించేది ప్రధానంగా కార్బన్ డయాక్సైడే. దాన్ని ముందే ఊదేస్తే నీళ్లలో ఆ తపన రాకముందే స్పృహ పోతుంది. మంచి ఈతగాళ్లు కూడా ఇలాగే పోయారు.

రాత్రి

పొద్దున లేవగానే నోరెండిపోవడం, దిండు తడవడం, గురక — రాత్రంతా నోరు తెరిచి ఉంటోందనడానికి గుర్తులు. లాలాజలం ఆరిపోతే పళ్లు పుచ్చుతాయి, నోరు వాసనొస్తుంది. పడుకునే అరగంట ముందు ముక్కు కడుక్కోండి, వెల్లకిలా కాక పక్కకు తిరిగి పడుకోండి, రాత్రి మద్యం మానండి.

పెదవులకు టేపు అంటించుకునే ఫ్యాషన్ ఒకటి బయల్దేరింది. ముక్కు దిబ్బడ ఉన్నా, స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోయే జబ్బు) ఉన్నా అది ప్రమాదం. పిల్లలకైతే అసలు వద్దు. ఆప్నియా ఉందో లేదో నిద్రపోయేవాళ్లకు తెలియదు, పక్కన పడుకునేవాళ్లకు తెలుస్తుంది: గురక ఉన్నట్టుండి ఆగి, నిశ్శబ్దం, తర్వాత ఉక్కిరిబిక్కిరై ఒక్కసారిగా పీల్చడం. పగలు కూర్చున్నచోటే కునుకు పడుతుంటే నిద్ర పరీక్ష చేయించుకోవాలి.

ఆగకుండా ఆసుపత్రికి

ఊరికే కూర్చున్నా ఆయాసం, ఛాతీలో నొప్పి లేదా బరువు, పెదవులు నీలంగా మారడం, ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోవడం, ఆయాసంతో పాటు ఒక కాలే వాచడం: వీటిలో ఏది కనిపించినా అభ్యాసాలు కట్టిపెట్టి అత్యవసర వైద్యానికి వెళ్లండి. పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చోవలసి వస్తున్నా ఆలస్యం చేయొద్దు.

పిల్లలకు పెద్దల అంకెలు వర్తించవు. ఏడవకుండా ఊరుకున్నప్పుడో, నిద్రలోనో పూర్తి నిమిషం లెక్కపెట్టండి. దగ్గు, జ్వరం ఉన్న బిడ్డ రెండు నెలల లోపైతే 60, రెండు నెలల నుంచి ఏడాది లోపైతే 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపైతే 40, అంతకు తగ్గకుండా ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది వేగమైన శ్వాస. న్యుమోనియా అనుమానంతో వెంటనే చూపించాలి. పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతుంటే మాత్రం లెక్కపెడుతూ కూర్చోకండి, బిడ్డను ఎత్తుకుని బయల్దేరండి.